ముంత నీళ్ళు

చీపుళ్ళ గదిలో, రంగు డబ్బాల పక్కన
పదకొండేళ్ళుగా గురక పెడుతున్న పెట్టె
మొన్న మంగళవారం ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.
హిల్లార్ వీపు తట్టినట్టు తట్టాడు, లేచింది.
కానీ ఆ దగ్గు అందరం విన్నాం.

విల్యాండిలో మాది ఆర్గన్లు బాగుచేసే పని.
చర్చి గోడంత ఎత్తున నిలబడి
గాలి చేత పాడించే గొట్టాల గుంపు ఉంటుందే, అది.
తొమ్మిది మందిమి.
ఒకడు దీవిలో, ఇద్దరు లాట్వియా సరిహద్దులో,
ఒకడు ఎప్పుడు చూసినా నిచ్చెన మీదే.
కొలతలూ బొమ్మలూ తిట్లూ సెలవు చీటీలూ
అన్నీ ఆ పెట్టె కడుపులోనే.

"క్లౌడ్‌కి మారిపోదాం విర్వే, ఎవరిదో నువ్వే చూడు" అన్నారు.
లెక్కలు రాసేదాన్ని కదా,
మబ్బుల్ని కూడా నేనే బేరమాడాలట.

మొదటివాడు తెర మీదికొచ్చాడు పళ్ళన్నీ కనిపించేలా.
మనిషికి నెలకు నాలుగు యూరోలు,
నూటికి తొంభై తొమ్మిదిన్నర పాళ్ళు మెలకువ.
మిగతా అరపాలు ఎప్పుడు నిద్రపోతారన్నాను.
నవ్వాడు, అంతే.
ఈస్టర్ ముందు వారమైతే మా కొంప కొల్లేరే.

ఇంకొకళ్ళ ఒప్పందం నలభై రెండు పేజీలు.
ముప్పై ఒకటో పేజీలో ఆవగింజంత అక్షరాల్లో
మా మాటలు ఏ దేశపు నేల మీద పడుకుంటాయో
అది వాళ్ళ ఇష్టమట, చెప్పి మార్చక్కర్లేదట.
అక్కడ ఆగిపోయాను.
మా అమ్మమ్మకి వాళ్ళన్న రాసిన ఉత్తరాలు
ఎవరో ఆవిరి పట్టి విప్పి, చదివి, మళ్ళీ అంటించాకే వచ్చేవి.
జిగురు వాసన చూసి చెప్పేది ఆమె
ఎన్ని చేతులు తగిలాయో.
తెరకి వాసన ఉండదు.

మధ్యాహ్నం పాతవి సర్దుతుంటే ఎండెల్ ఫోల్డరు.
మనిషి పోయి నాలుగేళ్ళు.
హీయుమా దీవి చర్చి గురించి రాసి పెట్టాడు:
"పడమటి గాలికి మూడో వరుసలో చిన్న గొట్టమొకటి
దానంతటదే మూలుగుతుంది. బాగుచెయ్యకండి.
పాస్టర్ గారి భార్యకి ఇష్టం."
కింద రైవో అడిగాడు, ఏ గొట్టం?
జవాబు: "విను."

ఇది ఎన్ని గిగాబైట్లు?
ఏ ధరల పట్టికలోనూ దీనికి గడి లేదు.

మబ్బును చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోవద్దంటారు.
మంచి మాటే. కానీ ముంతకి చిల్లు పడిందే!
సాయంత్రం తాళం వేసే ముందు
పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాను.
జ్వరం మనిషిలా కాలుతోంది.

ఆఖరి ఫోను తార్తూలో ఒక చిన్న కంపెనీకి.
ఎత్తినామె పేరు ఇల్మె. వెనకాల ఎవరో పసివాడి ఏడుపు.
రేటు ఏడున్నర.
అందరినీ అడిగిందే ఈమెనూ అడిగాను:
రేపు మేం వెళ్ళిపోతామంటే మా సొత్తు మాకెలా ఇస్తారు?
("ఎందుకు వెళ్తారు?" అన్నాడు పళ్ళవాడు.
నలభై రెండు పేజీలవాళ్ళు ఇంకో లింకు పంపారు.)
పెళ్ళిచూపుల్లోనే విడాకుల మాటెత్తినా
ఆమె నొచ్చుకోలేదు. పిల్లాణ్ణి కిందికి దింపిన చప్పుడు.
"మూడు రోజులు పడుతుందండీ.
మా దగ్గరే తెరుచుకునే రకం కాదు, మామూలు ఫైళ్ళుగానే ఇస్తాం.
ఒకాయనకి నమ్మకం కుదరకపోతే
డిస్కు ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళిచ్చొచ్చాను."

హిల్లార్ కాగితం మీద గీశాడు:
ఏడాదికి మూడు వందల డెబ్బై ఎనిమిది తేడా,
ఒక మంచి ఓక్ గొట్టం ఖరీదు.
"అయితే ఆ గొట్టం కొన్నామనుకో" అన్నాను.
వారం రోజులు నాతో మాట్లాడలేదు,
తర్వాత తనే సంతకం పెట్టాడు.

పెట్టె ప్లగ్గు పీకిన రోజు
వర్క్‌షాపులో అందరూ ఒక్కసారి తలెత్తారు.
అంత నిశ్శబ్దం.

ఇల్మె మీద నమ్మకం లేక కాదు గానీ
ప్రతి శుక్రవారం అన్నిటికీ ఒక నకలు తీసి
తగరం ముక్కల సొరుగులో దాస్తాను.
ముంత కొత్తది. నీళ్ళు పాతవే.